హైదరాబాద్ ఎండలో తొలి మారథాన్: వేగం, నీళ్ళు, తోడు, రాసుకునే నోట్‌బుక్

ఇదే పరిస్థితిలో ఉన్నవారు ఇంకా కొందరు ఇది చదువుతారు కాబట్టి, మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు కూకట్‌పల్లిలో ఉంటున్న మహిళ, వయసు 38. గత డిసెంబరులో మీ రెండో హాఫ్ మారథాన్‌ను (21.1 కిలోమీటర్లు) 2 గంటల 16 నిమిషాల్లో ముగించారు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో తొలిసారి పూర్తి 42.195 కిలోమీటర్లు, అదీ 4 గంటల 45 నిమిషాల్లో, పరిగెత్తాలని, ఒక విదేశీ శిక్షకుడు తయారుచేసిన 16 వారాల ప్రణాళికను మే మొదటి వారంలో మొదలుపెట్టారు. తేలిక పరుగును కిలోమీటరుకు 7 నిమిషాల 15 సెకన్ల చొప్పున చేయమని అందులో ఉంది. మీరు అలా చేస్తుంటే గుండె వేగం 168 దాకా పోతోంది, ఐదో కిలోమీటరుకే నడక పట్టాల్సి వస్తోంది. డిసెంబరులో ఉన్న శక్తి ఏమైపోయిందని అడిగారు. ఒంటరిగా పరిగెత్తాలా, ఏదైనా గ్రూపులో చేరాలా అనీ అడిగారు. పరుగు గురించి ఇంగ్లీషులో చదివిన అనుభవాలేవీ మీ జీవితానికి దగ్గరగా అనిపించడం లేదని చివర్లో ఒక వాక్యం రాశారు. నా దృష్టిలో ఈ మూడూ ఒకే ప్రశ్న, అందుకే కలిపి జవాబిస్తున్నాను.

నేను తార్నాకలో ఉంటాను, జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 2009 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పరిగెడుతున్నాను. ఇప్పటికి 19 పూర్తి మారథాన్లు ముగించాను, రెండింటిని మధ్యలో వదిలేశాను. వైద్యం చదివినదాన్ని కాను, కాబట్టి వైద్యులను అడగవలసిన చోట ఆ మాటే చెబుతాను.

మొదట మీ గుండె వేగం సంగతి. ఎండను నిందించే ముందు ఒక్క రక్తపరీక్ష చేయించుకోండి: హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పేది). 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గితే గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, మనమేమో సాధన చాలడం లేదనుకుని ఇంకా ఎక్కువ పరిగెత్తి ఇంకా నీరసపడతాం. మా గ్రూపులో ఇద్దరు మహిళలు ఏడాదిపాటు ఇలాగే తమను తాము నిందించుకున్నారు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెర్రిటిన్ అడుగంటి ఉండవచ్చు, అందుకే రెండూ చూడాలి. ఫలితం తక్కువగా ఉంటే వైద్యులను కలవండి, సొంతంగా ఐరన్ మాత్రలు మొదలుపెట్టవద్దు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే దాన్ని గంట వెనక్కి జరపండి, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని వాటిలో టీ ముఖ్యమైనది.

పరీక్ష బాగా వస్తే, అప్పుడు కారణం నూటికి తొంభై పాళ్ళు వాతావరణమే. మీ డిసెంబరు పరుగు నాటి తెల్లవారుజామున నగరంలో 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండి ఉంటుంది. మే నెలలో అదే వేళకు 27 డిగ్రీలు ఉంటుంది, రోడ్లూ గోడలూ రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటాయి. పరిగెత్తే మనిషి ఒక కిలోమీటరుకు, ఒక కిలో బరువుకు, దాదాపు ఒక కేలరీ ఖర్చు చేస్తాడు. మీ బరువు 55 కిలోలనుకుందాం, గంటకు 8 కిలోమీటర్లు పరిగెడితే 440 కేలరీలు. అందులో కదలికకు ఉపయోగపడేది ఐదో వంతు మాత్రమే, మిగిలిన 350 కేలరీలు వేడిగా మారతాయి. ఆ వేడి బయటికి పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. బయట చల్లగా ఉన్నప్పుడు గాలే చాలా వేడిని మోసుకుపోతుంది. గాలి ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతకు దగ్గరవుతున్నకొద్దీ ఆ దారి మూసుకుపోయి, భారమంతా చెమట మీద పడుతుంది. చెమట పట్టడానికి, వేడిని చర్మం దగ్గరికి చేర్చడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, అదే సమయంలో తొడలకూ పిక్కలకూ రక్తం కావాలి. ఉన్న ఒక్క గుండె రెండు చోట్లకూ అందించాలంటే వేగం పెంచడం తప్ప దానికి మరో మార్గం లేదు. నా నోట్‌బుక్కుల ప్రకారం ఒకే దారిలో, ఒకే వేగంతో పరిగెత్తినప్పుడు నా గుండె డిసెంబరులో కంటే మేలో నిమిషానికి పది పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. పదిహేనేళ్లుగా ఈ తేడా మారలేదు. మీ శక్తి ఎక్కడికీ పోలేదు, చల్లబరిచే పనిలో ఖర్చవుతోంది.

ఇక్కడ మన ఊరి ప్రత్యేకత ఒకటి ఉంది, దీన్ని ఏ విదేశీ ప్రణాళికలోనూ నేను చూడలేదు. మీ 16 వారాల్లో రెండు వేర్వేరు వేడులు వస్తాయి. మేలో ఉండేది పొడివేడి: చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది, బనియను తడవదు, అందువల్ల మనకు చెమట పట్టడం లేదనిపించి నీళ్ళు తక్కువ తాగుతాం. జూన్ రెండో వారం తర్వాత రుతుపవనాలు రాగానే ఉష్ణోగ్రత తగ్గుతుంది కానీ గాలిలో తేమ పెరుగుతుంది. జులై, ఆగస్టు నెలల్లో తెల్లవారుజామున 23 డిగ్రీలే ఉన్నా ఉక్కపోత వల్ల చెమట ఆరదు, బొట్లుబొట్లుగా కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంట్లోని నీటినీ ఉప్పునూ తీసుకుపోతుంది తప్ప వేడిని తీసుకుపోదు. ఫోనులో 23 డిగ్రీలని చూసి, ఇక వేగం పెంచవచ్చనుకుని దెబ్బతినేవారు ప్రతి జులైలోనూ కనిపిస్తారు. ఉష్ణోగ్రతతోపాటు డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత, అది పెరిగేకొద్దీ చెమట ఆరడం తగ్గుతుంది) అనే అంకెను చూడటం అలవాటు చేసుకోండి, చాలా వాతావరణ యాప్‌లలో అది ఉంటుంది. అది 20 దాటిన రోజున నేను గడియారంలో వేగం చూడటం మానేస్తాను.

శరీరం వేడికి అలవాటు పడుతుంది. రోజూ గంటసేపు వేడిలో తేలికగా కదిలితే 10 నుంచి 14 రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కాబట్టి మీ ప్రణాళికలోని మొదటి మూడు వారాల్లో దూరాన్ని ఉంచి వేగాన్ని పూర్తిగా వదిలేయండి. 7:15 బదులు 8:00 పట్టినా, 8:20 పట్టినా ఫర్వాలేదు. పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అదే మీ తేలిక వేగం. వారంలో ఒక్కరోజు టెంపో పరుగు (కాస్త కష్టంగా, నిలకడైన వేగంతో చేసేది) చేయాలని ఉంటే దాన్ని దూరంతో కాక నిమిషాలతో కొలవండి. నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి.

ఇక మీరు పెట్టుకున్న 4 గంటల 45 నిమిషాల లక్ష్యం. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు ఇచ్చిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం 2.085 రెట్లవుతుంది. మీ 136 నిమిషాలను దానితో గుణిస్తే 4 గంటల 44 నిమిషాలు వస్తుంది. వారానికి 40, 50 కిలోమీటర్లు మాత్రమే పరిగెత్తేవారి విషయంలో ఈ సూత్రం పూర్తి మారథాన్‌కు వచ్చేసరికి ఆశ ఎక్కువ చూపిస్తుంది. అదీకాక మీ 136 నిమిషాలు చలికాలపు 136 నిమిషాలు. ఆగస్టులో, ఈ మార్గంలో, మీ మొదటి పూర్తి పరుగుకు 5:15 నుంచి 5:30 మధ్య లక్ష్యం పెట్టుకోమని చెబుతాను. తక్కువ చేసి మాట్లాడుతున్నానని దయచేసి అనుకోవద్దు. 4:45 కోసం మొదలుపెట్టి 30వ కిలోమీటరు దగ్గర కూలబడి 6 గంటలకు చేరినవారిని నేను చాలామందిని చూశాను, 5:20 అనుకుని మొదలుపెట్టి చివరి 5 కిలోమీటర్లలో పదులకొద్దీ మందిని దాటుకుంటూ వచ్చినవారినీ చూశాను.

30 దగ్గరే ఎందుకంటే, కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజన్, మొత్తం సుమారు 2,000 కేలరీలు. 55 కిలోల మనిషికి 42 కిలోమీటర్లంటే 2,300 కేలరీలకు పైనే. కొవ్వు కొంత సాయం చేస్తుంది, కానీ వేగం పెరిగేకొద్దీ చక్కెర వాటా పెరుగుతుంది, వేడిలో అదే వేగానికి కూడా చక్కెర ఖర్చు ఎక్కువవుతుంది. మొదటి పది కిలోమీటర్లలో ఆదా అయ్యే ప్రతి నిమిషమూ చివర్లో అయిదు నిమిషాల అప్పుగా మారేది ఇందువల్లే. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. పరుగులో తీసుకునే చక్కెర జెల్ పడకపోతే ఖర్జూరాలు తీసుకోండి, నేను గింజ తీసి రెండుగా చీల్చి చిన్న కవరులో పెట్టుకుంటాను. ఏది తిన్నా లాంగ్ రన్‌లో (వారానికోసారి చేసే పొడవాటి పరుగులో) కనీసం ఆరుసార్లు తిని చూసినదే తినండి. ముందు రెండు రోజులు అన్నం కాస్త ఎక్కువ, పప్పూ కూరగాయలూ కాస్త తక్కువ, ముందురోజు రాత్రి పెరుగన్నం. తిండి గురించి ఇంతకుమించి చెప్పేదేమీ లేదు.

మార్గం గురించి మాత్రం చెప్పవలసింది ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో పూర్తి మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. వివరాల్లో ఏటా చిన్న మార్పులుంటాయి కాబట్టి బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు) తీసుకునే రోజున మ్యాపు చూసుకోండి. హుస్సేన్ సాగర్ గట్టు చుట్టూ ఉన్నంతసేపు దారి చదునుగా, గాలి చల్లగా, ఊరంతా మీకోసమే మేల్కొన్నట్టుగా ఉంటుంది, అందుకే అందరూ అక్కడ వేగం పెంచేస్తారు. సాగర్ నిండు నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్లు. అక్కడినుంచి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలెక్కి, దుర్గం చెరువు వైపు దిగి, ఆ తర్వాత ఐటీ కారిడార్‌లోని ఫ్లైఓవర్లను ఒకటి తర్వాత ఒకటి ఎక్కి దిగాలి. కష్టమైన భాగమంతా అలసిన కాళ్లకే మిగులుతుంది. చాలామంది ఎక్కుడు గురించి భయపడతారు కానీ తొడలను నిజంగా దెబ్బతీసేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందుభాగపు కండరం సాగుతూనే బరువు ఆపాలి, అలా సాగుతూ పనిచేసినప్పుడే కండరపు పోగులు ఎక్కువగా చిట్లుతాయి. ఒకసారి ఆ దెబ్బకు గురై కోలుకున్న కండరం మరికొన్ని వారాలపాటు అదే దెబ్బను బాగా తట్టుకుంటుంది. అందుకని పోటీకి ఆరు వారాల ముందు ఒకసారి, మూడు వారాల ముందు ఒకసారి, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాల మీదుగా దుర్గం చెరువు దాకా లాంగ్ రన్ చేయండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, గబగబా పడాలి. కూకట్‌పల్లి నుంచి మీకు అది దూరమేమీ కాదు.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నేనే ప్రమాదంలో పడ్డాను. మారథాన్ చరిత్రలో నీళ్ళ మీద అభిప్రాయం ఒక అంచు నుంచి మరో అంచుకు ఊగింది. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో 32 డిగ్రీల ఎండలో, మట్టిరోడ్ల దుమ్ములో పరుగు పెట్టించి, నీళ్ళు దొరికే చోట్లు దారి మొత్తంలో రెండే ఉంచారు. బయలుదేరిన 32 మందిలో 14 మందే చేరారు. నీళ్ళు తాగకుండా పరిగెత్తడమే దృఢత్వమన్న ఆలోచన ఆ తర్వాత కూడా చాలాకాలం బతికింది. తర్వాత అది తిరగబడి, దాహం వేయకముందే తాగాలి, ఎంత తాగగలిగితే అంత తాగాలి అన్నారు. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం (ఉప్పులోని లవణం) ఉండవలసిన స్థాయి కంటే పలచబడిందని తేలింది. ఆ ఫలితాలు 2005లో ప్రచురితమయ్యాయి. పరుగులో బరువు పెరిగినవారు, నాలుగు గంటలకు మించి దారిలో ఉన్నవారు అందులో ఎక్కువ. అంటే మీలాంటి, నాలాంటి నెమ్మది పరుగువాళ్ళు.

నా మొదటి పూర్తి మారథాన్‌లో నాకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. ప్రతి బల్ల దగ్గరా ఆగి రెండేసి గ్లాసులు తాగాను, ఉప్పు ముట్టలేదు. 34వ కిలోమీటరు దగ్గర వికారం మొదలైంది, చేతివేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది, తల బరువెక్కింది. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా తాగాను. ముగింపు దగ్గరి వైద్య శిబిరంలో బరువు చూస్తే ఉదయం కంటే కిలో పైన ఎక్కువ ఉన్నాను. అక్కడి యువ వైద్యురాలు నీళ్ళ సీసా నా చేతిలోంచి తీసేసి, గంటసేపు పక్కనే కూర్చోబెట్టుకుని, మూత్రం వచ్చాకే పంపించారు. ఆవిడ ఆ రోజు అక్కడ ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికి ఇప్పటికీ ఇష్టపడను.

అందువల్ల మీరు చేయవలసింది మీ సొంత లెక్క తెలుసుకోవడం. లాంగ్ రన్‌కు ముందు తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. వచ్చాక చెమట తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. తగ్గిన బరువుకు మధ్యలో తాగిన నీళ్ళను కలిపి గంటలతో భాగిస్తే, గంటకు మీ చెమట ఎంతో తెలుస్తుంది, కిలో తగ్గుదల దాదాపు లీటరు. మేలో ఒకసారి, జులైలో ఒకసారి కొలవండి. తాగవలసింది ఆ చెమటకు తక్కువే ఉండాలి, దాహం వేసినప్పుడు వేసినంత తాగాలి, పరుగు చివర బరువు ఎట్టి పరిస్థితిలోనూ పెరగకూడదు. ఓఆర్‌ఎస్ వాడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొడి ప్యాకెట్టునే తీసుకుని, దాని మీద రాసినట్టు పూర్తి లీటరు నీళ్ళలో కలపండి. పండ్లరసం రుచితో డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలను అదే అనుకుని చాలాకాలం చాలామంది తాగారు. మన హైదరాబాద్‌కే చెందిన శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, ఆ సూత్రానికి సరిపోని పానీయాలు ఓఆర్‌ఎస్ అన్న పేరు పెట్టుకోకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. ఆవిడ పిల్లల కోసం చేసిన పని పరిగెత్తేవారికి కూడా మేలు చేసింది. నొప్పి తగ్గే మాత్రలు మాత్రం పరుగుకు ముందుగానీ మధ్యలోగానీ వేసుకోవద్దు. నీళ్ళు తగ్గి ఉన్న ఒంట్లో ఐబుప్రోఫెన్ వంటివి మూత్రపిండాల మీద భారం మోపుతాయి.

ఇప్పుడు గ్రూపు సంగతి. వారం మధ్యలో పరుగులు ఒంటరిగా చేసుకోండి, అందులో ఒక ప్రశాంతత ఉంది, దాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. ఆదివారం లాంగ్ రన్ మాత్రం మనుషులతో చేయండి. చీకట్లో ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్లే మహిళకు కుక్కలూ, అడ్డదిడ్డంగా వచ్చే బండ్లూ, వెంట పడే మనుషులూ సమస్యే, ఇది మీకు నేను చెప్పనవసరం లేదు. దానికంటే పెద్ద కారణం మరొకటి ఉంది: వేడి మన తలకెక్కినప్పుడు ఆ సంగతి మనకు తెలియదు, పక్కవాళ్లకే తెలుస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక జులై ఆదివారం మా జట్టులోని ఒకాయన 24వ కిలోమీటరు దగ్గర అడిగిన ప్రశ్నకు సంబంధం లేని జవాబులు చెప్పడం మొదలుపెట్టారు, వద్దన్నా వినకుండా పరిగెడుతున్నారు. ఒంటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు కనిపించే గుర్తు ఆ తడబాటే. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నది అంతకు రెండు నెలల ముందే మేమంతా ఒక వైద్యుడి దగ్గర నేర్చుకున్నాం. ఇద్దరు ఆయన్ను హాస్టల్ కుళాయి కింద కూర్చోబెట్టారు. 108కి ఫోను చేసి, మరొకరు బండి మీద రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లి మంచుగడ్డలు తెచ్చారు. ఆదివారం ఉదయం మంచు దొరికే చోటు మాకు అదొక్కటే గుర్తొచ్చింది. మెడకూ చంకలకూ గజ్జలకూ మంచు పెట్టి, నీళ్ళు పోస్తూనే ఉన్నాం. అంబులెన్సు వచ్చేసరికి ఆయన తన పేరూ తన కూతురి పేరూ సరిగ్గా చెప్పగలిగారు. ఈరోజు కూడా ఆదివారాల్లో ఆయన మాతోనే పరిగెడతారు.

గ్రూపును ఎంచుకునేటప్పుడు వారి వేగమెంతో అడగవద్దు. చివర వచ్చేవారి కోసం ఎవరైనా ఆగుతారా అని అడగండి. మారథాన్ నిర్వహించే హైదరాబాద్ రన్నర్స్ సంస్థతో సంబంధమున్న బృందాలు నగరంలో చాలాచోట్ల ఉన్నాయి. మీకు దగ్గరలో కొండాపూర్ బొటానికల్ గార్డెన్ వైపు, గచ్చిబౌలి వైపు ఆదివారం తెల్లవారుజామున నిలబడితే చాలు, ఏదో ఒక బృందం కనిపిస్తుంది. రెండు వారాలు వెళ్లి చూసి, నచ్చకపోతే మరో చోటికి వెళ్లండి. వాట్సాప్‌లో రోజూ కిలోమీటర్ల పోటీ పెట్టే బృందాలకు ఈ నాలుగు నెలలూ దూరంగా ఉండమని నా సలహా, గాయాలకు మొదటి మెట్టు అదే.

చివరగా ఆ అనుభవకథనాలు మీకు దగ్గరగా అనిపించకపోవడం గురించి. వాటిని రాసినవారు మంచి రచయితలు, వారి నుంచి నేనూ చాలా నేర్చుకున్నాను. కానీ వారి ఉదయాల్లో మంచు ఉంటుంది, ఇంట్లో పిల్లల టిఫిన్ డబ్బాలు ఉండవు. పైగా ఈ ఆటలో మహిళలకు చోటు దొరికిందే ఆలస్యంగా. 1967లో బోస్టన్‌లో 261 నంబరుతో పరిగెడుతున్న కాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకాయన దారిలోనే పట్టి లాగబోయాడు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో గానీ రాలేదు. పాత ప్రణాళికల వెనుక ఉన్న అనుభవం ఎక్కువగా చల్లని దేశాల మగవారిది. మన దగ్గర, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించి నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డును నిలిపిన శివనాథ్ సింగ్, అంతకు రెండేళ్ల ముందు మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 11వ స్థానంలో నిలిచిన మనిషి, ఏ ఎండలో ఎలా సాధన చేశాడో, ఏం తిన్నాడో, ఉత్త కాళ్లతో ఆ రోడ్ల మీద పాదాలను ఎలా కాపాడుకున్నాడో వివరంగా చెప్పే ఒక్క తెలుగు పుస్తకం నా కంటపడలేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. విద్య ఉంది, రాత లేదు.

కాబట్టి మీరే రాయండి, తెలుగులో రాయండి. గడియారం దాచే అంకెలు గడియారంలో ఎలాగూ ఉంటాయి. అది దాచలేనివి రాయండి: ఎన్ని గంటలకు లేచారు, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, డ్యూ పాయింట్ ఎంత, ఏం తిన్నారు, ఎక్కడ ఆపాలనిపించింది, ఎందుకు ఆపలేదు, నెలసరి ఏ రోజు, బరువు ఎంత తగ్గింది. మా తార్నాక జట్టు 11 ఏళ్లుగా ఒక పెద్ద లెడ్జరు పుస్తకం నడుపుతోంది, ఆదివారం పరుగయ్యాక ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఎవరి నాలుగు వాక్యాలు వారు రాస్తారు. డ్యూ పాయింట్ 20 దాటితే వేగం చూడకూడదన్న నా నియమం అందులోంచే వచ్చింది, ఫెర్రిటిన్ సంగతి మాకు అందులోంచే తట్టింది: ఇద్దరి రాతల్లో ఆరు నెలలపాటు ‘మెట్లెక్కినా ఆయాసం’ అన్న మాట మళ్ళీమళ్ళీ కనిపించింది. 2018లో ఒకామె రాసిన పేజీని మీకోసం నిన్న మళ్ళీ చదివాను. మేలో తాను 8:10 కంటే వేగంగా పరిగెత్తలేకపోయానని, నవంబరులో అదే దారిని 7:05తో పూర్తి చేశానని రాసింది. రెండు పేజీల్లోనూ గుండె వేగం ఒకటే, 150. మీ ప్రశ్నకు ఆ రెండు పేజీల కంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

వచ్చే ఆదివారం రెండు గంటలు, మాట్లాడగలిగే వేగంతో పరిగెత్తండి. బయలుదేరే ముందు బరువు, వచ్చాక బరువు, మధ్యలో తాగిన నీళ్ళు, ఆ ఉదయపు డ్యూ పాయింట్, ఈ నాలుగూ ఇక్కడే కింద రాయండి. రక్తపరీక్ష వచ్చి ఉంటే అదీ చేర్చండి. జూన్ మొదటి వారం దాకా మీ ప్రణాళికను మన ఎండకు సరిపడా ఎలా మార్చుకోవాలో వారంవారీగా రాసి ఇస్తాను.